సూదికి ముందు ఒక ప్రశ్న



బీదరు పట్టణంలోనూ, చుట్టుపక్కల పల్లెల్లోనూ, అవతల జహీరాబాదు, నారాయణఖేడ్ వైపునా ఈ ప్రసంగం వింటున్న మీలో ఎన్నడూ జ్వరం రానివారు ఉండరు. కాని మీకు వచ్చిన జ్వరం ఏ జ్వరమో చెప్పగలవారు ఎందరు? వానాకాలంలో నాలుగు రోజులు ఒళ్లు కాలిపోతుంది. డాక్టరు దగ్గరికి పోతాం, మందు తెచ్చుకుంటాం, తగ్గిపోతుంది. ఏమొచ్చిందంటే "విషజ్వరం" అంటాం. అక్కడితో ఆ మాట మరిచిపోతాం.

నేను బడిపంతులును. బడిలో ఆరోగ్య తనిఖీ జరిగినప్పుడల్లా ఒక ఫారం నింపాలి. అందులో గతంలో వచ్చిన జబ్బులు రాయడానికి ఒక గడి ఉంటుంది. ఫారం కన్నడంలో ఉంటుంది, తల్లులు చెప్పేది తెలుగులో ఉంటుంది, మధ్యన నేనుంటాను. ఒకసారి ఒక తల్లి ఇలా చెప్పింది: "పోయిన వానకాలం జరమొచ్చింది సార్. ఏం జరమో మాకేం తెలుసు? రెండు సూదులిచ్చిండ్రు, తగ్గింది." నేను ఆ గడిలో 'జ్వర' అని రాసి ఊరుకున్నాను. తర్వాత ఆమె నన్ను ఇంకో మాట అడిగింది: "డెంగీకి టీకా వస్తదంటున్నరు. మా పిల్లకు వేపియ్యొచ్చా సార్?"

ఆ రోజు నేను సరైన జవాబు చెప్పలేకపోయాను. తర్వాత చదివి తెలుసుకున్నదేమంటే, ఆమె అడిగిన ప్రశ్నకు జవాబు నేను అరకొరగా నింపిన ఆ గడిలోనే ఉంది. ఒక టీకా విషయంలో, వేసే ముందు "ఈ పిల్లకు ఇంతకుముందు డెంగీ సోకిందా?" అని అడగకపోవడం వల్ల ఒక దేశం దేశమే తల్లడిల్లిపోయింది. ఆ కథే ఈ రోజు మీకు చెప్పబోతున్నాను.

అయితే కథ డెంగీతో మొదలుకాదు, క్షయతో మొదలవుతుంది. అదీ మన తెలుగు నేల మీదే.

నాటి చిత్తూరు జిల్లా మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం అనే చోట యూనియన్ మిషన్ క్షయ శానటోరియం వెలసింది. 1948 ఆగస్టులో మన దేశంలో బీసీజీ టీకా వేయడం అక్కడ మొదలయింది. ఆ రోజుల్లో మనిషి రాగానే టీకా వేసేవారు కారు. ముందు ముంజేతి చర్మంలోకి టుబర్కులిన్ అనే మందును చుక్కంత ఎక్కించి పంపేవారు. మూడు రోజులు గడిచాక మళ్లీ రమ్మని, సూది వేసిన చోట వచ్చిన వాపును మిల్లీమీటర్లలో కొలిచేవారు. వాపు బాగా వచ్చిందంటే క్షయ క్రిమి ఆ శరీరానికి ఇదివరకే పరిచయమని అర్థం. అటువంటివారికి టీకా అవసరం లేదు. వాపు రానివారికే టీకా.

1951 నుంచి ఈ కార్యక్రమం దేశమంతటా పెద్ద ఎత్తున సాగింది. దానికి వ్యతిరేకులూ ఉన్నారు. వారిలో ప్రముఖులు రాజాజీ. 1955లో ఆయన బీసీజీని తానెందుకు వ్యతిరేకిస్తున్నారో వివరిస్తూ ఒక చిన్న పుస్తకమే వెలువరించారు. కాని కార్యకర్తలకు అంతకంటే పెద్ద చిక్కు మరొకటి ఉంది. మొదటి రోజు వచ్చిన జనం మూడో రోజు మళ్లీ రారు. చేనిపని, కూలిపని, సంత, పెళ్లి, ఏదో ఒకటి అడ్డం వస్తుంది. వాపు చూడందే టీకా వేయకూడదు, చూద్దామంటే మనిషి లేడు. చివరకు 1960లలో ఆ ముందు పరీక్షను వదిలిపెట్టి నేరుగా టీకా వేయడం మొదలుపెట్టారు. ఇదివరకే క్షయ క్రిమి సోకినవారికి బీసీజీ వేసినా, సూది వేసిన చోట పుండు కాస్త తొందరగా లేవడం తప్ప పెద్ద హాని లేదని తేలింది కాబట్టే ఆ పని చేయగలిగారు.

ఈ మాట దయచేసి గుర్తుంచుకోండి. పరీక్షను మానేయవచ్చా లేదా అన్నది, మానేస్తే ఎవరికి ఎంత నష్టం అన్నదాని మీద ఆధారపడి ఉంటుంది. బీసీజీ విషయంలో నష్టం లేదు. డెంగీ విషయంలో అలా కాలేదు.

ఇక డెంగీ సంగతికి వద్దాం. ఇది దోమ కాటుతో వచ్చే జ్వరం. దోమకూ జ్వరానికీ ఉన్న సంబంధం మన ప్రాంతానికి కొత్త విషయం కాదు. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. అప్పటికి మన బీదరు కూడా హైదరాబాదు సంస్థానంలోనిదే. అయితే మలేరియా దోమ వేరు, డెంగీ దోమ వేరు. డెంగీ దోమ పేరు ఏడిస్. కాళ్ల మీద తెల్లని చారలుంటాయి. పగటిపూట కుడుతుంది. మురికి గుంటల్లో కాదు, మనం ఇంట్లో దాచుకున్న మంచినీళ్లలో గుడ్లు పెడుతుంది.

డెంగీ వైరస్ ఒకటి కాదు, నాలుగు రకాలు. ఒక రకం సోకి తగ్గితే ఆ రకం నుంచి చాలా ఏళ్లపాటు రక్షణ ఉంటుంది. మిగతా మూడింటి నుంచి కొన్ని నెలలే ఉంటుంది. ఆ తర్వాత రెండో రకం సోకితే మొదటిసారి కంటే ఎక్కువ ప్రమాదం. మామూలుగా జబ్బు ఒకసారి వచ్చిపోతే రెండోసారి తేలికగా ఉంటుందని అనుకుంటాం. డెంగీ దీనికి తలకిందులు.

ఎందుకని? మొదటి జబ్బులో మన రక్తంలో ప్రతిరక్షకాలు అనే కాపలాదార్లు పుడతాయి. రెండో రకం వైరస్ వచ్చినప్పుడు ఈ పాత కాపలాదార్లు దాన్ని పట్టుకుంటాయి కాని చంపలేవు. చంపకపోగా, దొంగను చుట్టమనుకొని చేయిపట్టి ఇంట్లోకి తీసుకుపోయినట్టు, వైరస్‌ను రక్తకణాల్లోకి చేరవేస్తాయి. అమెరికా శాస్త్రవేత్త స్కాట్ హాల్‌స్టెడ్ 1960లలో థాయిలాండ్‌లో పిల్లల జ్వరాలను చూసి ఈ సంగతి పసిగట్టాడు. క్యూబా దేశం దీనికి పెద్ద రుజువు. అక్కడ 1977లో మొదటి రకం డెంగీ వ్యాపించింది. 1981లో రెండో రకం వచ్చింది. ఆ ఏడు 3,44,203 మంది జబ్బుపడ్డారు, 158 మంది చనిపోయారు.

ఇటువంటి జబ్బుకు టీకా చేయడమంటే కత్తిమీద సాము. నాలుగు రకాలకూ ఒకేసారి గట్టి రక్షణ ఇవ్వాలి. సగం రక్షణ ఇస్తే ఆ టీకాయే 'మొదటి జబ్బు' పాత్ర వహిస్తుంది. అప్పుడు పిల్లకు నిజంగా మొదటిసారి సోకే డెంగీ రెండోసారి వచ్చిన డెంగీలా విరుచుకుపడవచ్చు.

ఫ్రాన్సుకు చెందిన సనోఫీ కంపెనీ చాలా ఏళ్లు కష్టపడి డెంగ్‌వాక్సియా అనే టీకాను తయారుచేసింది. ఆసియాలోనూ, లాటిన్ అమెరికాలోనూ 31,000 మందికి పైగా పిల్లల మీద పెద్ద ప్రయోగాలు జరిగాయి. చిన్నపిల్లల్లో, ముఖ్యంగా 2 నుంచి 5 ఏళ్లవారిలో, టీకా వేసిన మూడో ఏట ఆసుపత్రి పాలైనవారు ఎక్కువగా కనిపించారు. దాంతో 9 ఏళ్లు నిండినవారికే ఈ టీకా అని నిర్ణయించారు. తొమ్మిదేళ్లు వచ్చేసరికి డెంగీ ఉన్న ఊళ్లలో చాలామంది పిల్లలకు అది ఒకసారి సోకే ఉంటుంది కదా! అంటే రక్తపరీక్షకు బదులు వయసును లెక్కలోకి తీసుకున్నారు.

రక్తాన్నే ఎందుకు చూడలేదంటారా? ఆ ప్రయోగాల్లో టీకాకు ముందు రక్తం తీసి దాచింది కొద్దిమంది పిల్లల దగ్గరే. మిగతావారికి అంతకుముందు డెంగీ వచ్చిందో లేదో తేల్చే ఆధారమే లేకపోయింది.

2015 డిసెంబరులో మెక్సికో ఈ టీకాకు మొదటి అనుమతి ఇచ్చింది. 2016 ఏప్రిల్‌లో ఫిలిప్పీన్స్ ప్రభుత్వం సర్కారు బడుల్లో నాలుగో తరగతి పిల్లలకు వేయడం మొదలుపెట్టింది. 8 లక్షలకు పైగా పిల్లలకు కనీసం ఒక మోతాదైనా అందింది. తొందర వద్దని హెచ్చరించినవారిలో అప్పటికి వృద్ధుడైన హాల్‌స్టెడ్ కూడా ఉన్నాడు.

ఈలోగా శాస్త్రవేత్తలు ఒక ఉపాయం కనిపెట్టారు. టీకా వేసిన తర్వాత తీసి దాచిన రక్తాన్నే కొత్తరకం పరీక్షతో చూసి, ఆ పిల్లకు సహజంగా డెంగీ వచ్చిందా, లేక రక్తంలో కనిపిస్తున్నది టీకా ప్రభావమేనా అన్నది అంచనా వేశారు. 2017 నవంబరు 29న కంపెనీయే ఫలితాన్ని ప్రకటించింది. ఇదివరకు డెంగీ సోకినవారిని ఈ టీకా కాపాడుతుంది. ఎన్నడూ సోకనివారికి వేస్తే, తర్వాత డెంగీ సోకినప్పుడు జబ్బు ముదిరే అవకాశం పెరుగుతుంది.

ఇక్కడ నిజం రెండువైపులా ఉంది. నూటికి 70 మందికి ఇదివరకే డెంగీ సోకిన ప్రాంతంలో అందరికీ ఈ టీకా వేస్తే, సోకినవారిలో 13 మంది ఆసుపత్రి పాలుకాకుండా తప్పుతారు. సోకనివారిలో ఒకరు అదనంగా ఆసుపత్రి పాలవుతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు 2018లో వేసిన లెక్క ఇది. లెక్క ప్రకారం లాభమే ఎక్కువ. కాని ఆ ఒక్కరూ ఎవరి పిల్ల? జబ్బు లేని పిల్లను తల్లి బడికి పంపితే, బడిలో మనం వేసిన సూది వల్ల ఆ పిల్ల ఆసుపత్రికి పోయిందంటే, పదమూడు మందిని కాపాడామని ఆ తల్లికి చెప్పగలమా? వరసలో పిల్లలను నిలబెట్టే పంతులుగా నేను చెప్పలేను.

ఫిలిప్పీన్స్‌లో కార్యక్రమం వెంటనే ఆగిపోయింది. పిల్లల మరణాలకు టీకాయే కారణమని ఆరోపణలు, కోర్టు కేసులు వచ్చాయి. ప్రతి మరణానికీ టీకాయే కారణమని రుజువు కాలేదు. కాని నమ్మకం మాత్రం కూలిపోయింది. టీకాలు ముఖ్యమని గట్టిగా నమ్మేవారు 2015లో నూటికి 93 మంది ఉంటే, 2018 నాటి సర్వేలో 32 మందే మిగిలారు. ఈ భయం డెంగీ టీకాతో ఆగలేదు. 2019లో ఆ దేశంలో తట్టు పెద్ద ఎత్తున చెలరేగింది. అదే ఏడు పోలియో కూడా మళ్లీ కనిపించింది. ఒక టీకా ముందు అడగని ప్రశ్నకు మిగతా టీకాలు కూడా మూల్యం చెల్లించాయి.

2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఈ టీకాను వాడదలచిన దేశాలు ముందు రక్తపరీక్ష చేసి, గతంలో డెంగీ సోకినవారికే వేయడం మేలని చెప్పింది. మదనపల్లెలో పరీక్షలో జాడ కనిపించనివారికి టీకా. ఇక్కడ జాడ కనిపించినవారికే టీకా. పద్ధతి తలకిందులైనా ప్రశ్న ఒక్కటే.

పెద్ద ప్రయోగశాలకు రక్తం పంపి ఫలితం కోసం రోజుల తరబడి ఎదురుచూడాలంటే, మూడో రోజు జనం రాని పాత చిక్కే మళ్లీ వస్తుంది. అందుకని అక్కడికక్కడే ఫలితం తేల్చే చిన్న పరీక్ష కోసం వెతికారు. వేలెడంత ప్లాస్టిక్ పలక, దాంట్లో కాగితపు పట్టీ. ఒక చుక్క రక్తం, దాని మీద కొన్ని చుక్కల ద్రవం. గతంలో సోకిన డెంగీ తాలూకు ఐజీజీ అనే ప్రతిరక్షకం రక్తంలో ఉంటే పట్టీ మీద ఒక గీత తేలుతుంది. పరీక్ష సరిగా జరిగిందని చెప్పడానికి ఇంకో గీత. అరగంట లోపే తేలిపోతుంది. సీటీకే బయోటెక్ అనే కంపెనీ చేసిన ఇటువంటి పరీక్ష, గతంలో డెంగీ సోకిన 100 మందిలో సుమారు 95 మందిని పట్టగలిగింది. సోకని 100 మందిలో 98 మందిని సోకలేదనే చెప్పింది.

శ్రోతలారా, దగ్గర పెన్సిలు ఉంటే ఒక చిన్న లెక్క వేద్దాం. 1000 మంది పిల్లలున్నారు. వారిలో 410 మందికి డెంగీ సోకింది, 590 మందికి సోకలేదు. పరీక్ష ఆ 410లో 390 మందిని సరిగ్గా పట్టుకుంటుంది. ఆ 590లో 12 మందిని పొరపాటున సోకినవారని అంటుంది. మొత్తం 402 మందికి టీకా పడుతుంది, అందులో 12 మందికి పడకూడదు. పరీక్షే లేకపోతే 590 మందికి పడేది. తేడా చూశారు కదా!

ఇప్పుడు డెంగీ తక్కువగా ఉన్న ఊరు తీసుకోండి. 1000లో 100 మందికే సోకింది. పరీక్ష అందులో 95 మందిని పట్టుకుంటుంది. సోకని 900లో 18 మందిని తప్పుగా చూపుతుంది. మొత్తం 113 మంది. అందులో 18 మంది, అంటే ఇంచుమించు ఆరుగురిలో ఒకరు, తప్పు. పరీక్ష అదే, ఊరు మారితే దాని మాటకున్న విలువ మారింది. అందుకే అమెరికా ఆరోగ్య శాఖవారు పరీక్షకు నియమం పెట్టేటప్పుడు, సోకిన 100 మందిలో 75 మందిని పట్టినా చాలన్నారు గాని, సోకనివారిలో నూటికి ఇద్దరిని మించి తప్పు చెప్పకూడదన్నారు. పరీక్ష పట్టలేకపోయిన పిల్లకు టీకా అందదు, అంతే. తప్పుగా పట్టిన పిల్లకు ప్రమాదం వస్తుంది. రెండు తప్పులూ సమానం కావు.

ఇంకో చిక్కు ఉంది. మెదడువాపు జ్వరం వైరస్, జికా వైరస్ డెంగీకి దగ్గరి చుట్టాలు. వాటి ప్రతిరక్షకాలు కూడా కొన్నిసార్లు డెంగీ గీతను తేల్చి మోసం చేస్తాయి.

మరి మన పిల్లల సంగతేమిటి? భారత వైద్య పరిశోధన మండలి 2017–18లో 15 రాష్ట్రాల్లో 12,300 మంది రక్తం పరీక్షించింది. 5 నుంచి 8 ఏళ్ల పిల్లల్లో నూటికి 28 మందికి, 9 నుంచి 17 ఏళ్లవారిలో 41 మందికి గతంలో డెంగీ సోకిన గుర్తు కనిపించింది. దక్షిణాదిలో అన్ని వయసులవారూ కలిపి నూటికి 77 మంది. వీరిలో చాలామందికి ఆ సంగతే తెలియదు, ఎందుకంటే డెంగీ సోకినవారిలో ఎక్కువమందికి జ్వరం రానే రాదు, లేదా 'విషజ్వరం'గా వచ్చిపోతుంది. తల్లి జ్ఞాపకం గాని, పంతులు నింపిన గడి గాని ఇందుకు చాలవు.

తర్వాతి కథ క్లుప్తంగా చెబుతాను. డెంగ్‌వాక్సియాను అమెరికా 2019లో, గతంలో డెంగీ వచ్చినట్టు పరీక్షలో తేలిన పిల్లలకు మాత్రమే అనుమతించింది. గిరాకీ లేదని కంపెనీ తయారీ మానేసింది. జపాను కంపెనీ టకేడా తన క్యూడెంగా టీకా మీద 2016లో ప్రయోగం మొదలుపెట్టినప్పుడు, 20,000 మంది పిల్లలకూ ముందే రక్తం తీసి చూసింది. అందువల్ల సోకినవారిలో ఎలా, సోకనివారిలో ఎలా అన్నది విడివిడిగా తెలిసింది. డెంగీ బాగా ఉన్న ప్రాంతాల్లో 6 నుంచి 16 ఏళ్లవారికి దీన్ని ముందు పరీక్ష లేకుండానే వేయవచ్చని 2024 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. ఎన్నడూ డెంగీ సోకనివారిలో మూడు, నాలుగు రకాల మీద దాని ప్రభావం మాత్రం ఇంకా గట్టిగా తేలలేదని కూడా చెప్పింది. 2024 ఫిబ్రవరిలో హైదరాబాదు కంపెనీ బయోలాజికల్ ఇ, ఈ టీకాను ఏటా 5 కోట్ల మోతాదుల దాకా తయారుచేసే ఒప్పందం టకేడాతో చేసుకుంది. అదే ఏడాది ఆగస్టులో మన దేశంలోనే పనాసియా బయోటెక్ తయారుచేసిన డెంగీఆల్ టీకాకు మూడో దశ పరీక్ష రోహ్‌తక్‌లో మొదలయింది.

కాబట్టి ఆ తల్లి మళ్లీ వచ్చి అడిగితే ఇప్పుడిలా చెబుతాను: "అమ్మా, టీకా అంటే భయపడకు. కాని ఏ టీకా, ఏ వయసుకు, ముందు పరీక్ష కావాలా వద్దా అని డాక్టరును అడుగు. అలా అడగడం ఎదురు చెప్పడం కాదు. ఇంకోమాట, పిల్లకు జ్వరమొచ్చి రక్తపరీక్ష చేయిస్తే ఆ కాగితం పారేయకు." జ్వరం మొదటి రోజుల్లో చూసేది ఎన్‌ఎస్1, నాలుగైదు రోజుల తర్వాత చూసేది ఐజీఎం. ఇవి ఇప్పటి జ్వరాన్ని చెప్పేవి. ఎలీసా పద్ధతిలో చేస్తేనే ప్రభుత్వం వాటిని నిర్ధారణగా లెక్కపెడుతుంది. అటువంటి కాగితం రేషను కార్డుతోపాటు దాచిపెట్టండి. ఎప్పుడో ఒకరోజు అదే మీ పిల్లకు జవాబు చెబుతుంది.

టీకా వచ్చేదాకా, వచ్చాక కూడా, చేయవలసిన పని ఇంకొకటుంది. మన బీదరు ఎర్రరాతి గుట్ట మీది ఊరు. నీళ్ల విలువ తెలిసిన ఊరు. బహమనీల కాలంలోనే, 15వ శతాబ్దంలో, నౌబాదు దగ్గర నేల కింద కరేజ్ తవ్వి నీళ్లు పారించారు. నల్లా ఎప్పుడొస్తుందో తెలియక గోలేల్లో, హౌజుల్లో, డ్రమ్ముల్లో ఈనాటికీ నీళ్లు పట్టి దాచుకుంటున్నాం. దాచుకోవడం తప్పు కాదు, మూత పెట్టకపోవడం తప్పు. వారానికొకసారి ఒంచి, తోమి, ఆరబెట్టి మళ్లీ పట్టుకోండి. 2024 సెప్టెంబరులో కర్ణాటక ప్రభుత్వం డెంగీని అంటువ్యాధిగా ప్రకటించి, దోమలు పెరగనిచ్చే ఇళ్లకు పట్టణాల్లో 400, పల్లెల్లో 200 రూపాయల జరిమానా పెట్టింది. జరిమానాకు భయపడి కాదు, పిల్లల కోసం ఈ పని చేద్దాం.

నా ఫారంలోని ఆ గడి ఇప్పుడు కాస్త మారింది. 'జ్వర' అని ఒక్క మాట రాసి ఊరుకోవడం లేదు. ఎప్పుడు, ఎన్ని రోజులు, ఏ పరీక్ష చేశారు, కాగితం ఉందా, ఇవన్నీ అడిగి రాస్తున్నాను. గడి చిన్నది, అక్షరాలు పట్టడం లేదు. పక్కన అంచు మీద రాస్తున్నాను.